ఉప్పునీటి అక్వేరియంలో తెల్లచుక్కల వ్యాధి: మందు ట్యాంకులో పోయాలా, చేపను బయటకు తీయాలా?

నాగావళిగట్టు (శ్రీకాకుళం)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో 450 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో ఒక పౌడర్ బ్లూ టాంగ్, రెండు క్లౌన్ చేపలు, మూడు డామ్సెల్ చేపలు, రెండు క్లీనర్ రొయ్యలు, కొన్ని నత్తలు ఉన్నాయి. చెన్నై నుంచి తెప్పించిన టాంగ్ చేప మిగిలిన వాటికంటే ఆలస్యంగా వచ్చింది. మొన్న సాయంత్రం దాని రెక్కల మీద ఉప్పు గళ్లంత తెల్లటి చుక్కలు కనిపించాయి. నిన్న ఉదయానికి అవి చాలావరకు పోయాయి గానీ, చేప మాత్రం రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూనే ఉంది. మేత బాగానే తింటోంది. నీరు కళింగపట్నం తీరం నుంచి తెచ్చుకుంటాము. ఉప్పదనం 33 పీపీటీ (వెయ్యి భాగాలకు 33), ఉష్ణోగ్రత 28 డిగ్రీలు ఉంది. చేపల దుకాణంలో ఒక ద్రవం ఇచ్చి నేరుగా ట్యాంకులో పోయమన్నారు. సీసా మీద అందులో ఏముందో రాసిలేదు కనుక ఇంకా పోయలేదు. చుక్కలు వాటంతట అవే పోయాయంటే వ్యాధి తగ్గుతున్నట్టేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

గంటస్తంభం (విజయనగరం)

నమస్కారం. ఆ ద్రవాన్ని దయచేసి ట్యాంకులో పోయకండి. అందులో రాగి ఉంటే రొయ్యలు, నత్తలు చనిపోతాయి. రాళ్లు, ఇసుక రాగిని పీల్చుకోవడం వల్ల నీటిలో మందు మోతాదు కూడా నిలవదు.

చుక్కలు పోవడం వ్యాధి తగ్గిందనడానికి గుర్తు కాదు. మీరు చెప్పిన లక్షణాలు క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవికి సరిపోతున్నాయి. అది చేప పైచర్మం కింద చేరి 3 నుంచి 7 రోజులు మేసి, బలిసి, ఎక్కువగా చీకటి వేళ చేపను వదిలి కిందకు దిగిపోతుంది. అందుకే ఉదయం చూసేసరికి ఒళ్లు శుభ్రంగా కనిపిస్తుంది. దిగినది ఇసుక మీదో రాళ్ల మీదో గట్టి గుల్ల కట్టుకుని లోపల విభజన చెందుతుంది. ఒక్కొక్క గుల్ల నుంచి దాదాపు 200 వరకు కొత్త పిల్లజీవులు బయటకు రాగలవు. ఇవి ఈదుకుంటూ వెళ్లి ఒకటి రెండు రోజుల్లోగా చేపను పట్టుకోవాలి, లేకపోతే చనిపోతాయి. చేప ఒంటిలో దాగి ఉన్నప్పుడు గానీ, గుల్లలో ఉన్నప్పుడు గానీ దీనిని మనం వాడే మందులు తాకలేవు. ఈదుతూ తిరిగే ఆ స్వల్ప దశ ఒక్కటే మందుకు లొంగుతుంది.

గుల్లలు చాలావరకు 3 నుంచి 28 రోజుల్లో పగులుతాయి గానీ, 72 రోజుల తర్వాత పగిలినవి కూడా నమోదయ్యాయి. కనుక చేపలన్నిటినీ, చుక్కలు కనిపించని వాటిని కూడా, బయటకు తీసి వేరే తొట్టెలో చికిత్స చేయాలి. పెద్ద ట్యాంకును రొయ్యలతో, నత్తలతో మాత్రమే 76 రోజులు నడపాలి. చేప దొరకకపోతే ఈ పరాన్నజీవికి బతుకు లేదు. ఒక్క డామ్సెల్ చేపను లోపల మిగిల్చినా ఈ ఎదురుచూపు అంతా వృథా అవుతుంది.

కాశీబుగ్గ (పలాస)

నా అభిప్రాయం కూడా రాస్తున్నాను. మేతలో వెల్లుల్లి రసం కలిపి, ఉష్ణోగ్రతను 32 డిగ్రీలకు పెంచితే చుక్కలు పోతాయని చాలామంది చెబుతుంటారు. క్లీనర్ రొయ్యలు ఎలాగూ ఉన్నాయి కనుక అవి పరాన్నజీవులను తినవచ్చు కదా? 76 రోజులు ఖాళీ ట్యాంకును చూస్తూ కూర్చోవడం కొత్తవారికి చాలా కష్టం. యూవీ దీపం పెడితే సరిపోదా?

బొబ్బిలి_జువాలజీ (బొబ్బిలి)

కాశీబుగ్గ గారూ, మీరు అడిగినవన్నీ ఎక్కువమంది మొదట ప్రయత్నించేవే కనుక వివరంగా జవాబు రాస్తున్నాను. వెల్లుల్లి వాసనకు చేప మేతకు రావచ్చు గానీ, అది పరాన్నజీవిని చంపుతుందనడానికి ఆధారం లేదు. ఉష్ణోగ్రత పెంచితే మంచినీటి చేపల తెల్లచుక్కల వ్యాధిలో కొంత ఉపయోగం ఉంటుంది. అయితే అది ఇక్తియోఫ్తిరియస్ అనే వేరే జీవి. సముద్రపు క్రిప్టోకారియన్ 30 డిగ్రీల దాకా హాయిగా పెరుగుతుంది, పైగా వేడెక్కిన కొద్దీ నీటిలో కరిగిన ప్రాణవాయువు తగ్గుతుంది. మొప్పలు ఇప్పటికే దెబ్బతిన్న చేపకు అది అదనపు కష్టం. రొయ్యలు చర్మం పైనున్న వాటిని ఏరగలవు గానీ, ఈ పరాన్నజీవి చర్మం లోపల ఉంటుంది. యూవీ దీపం తన గుండా పోయిన నీటిలోని పిల్లజీవులను మాత్రమే చంపుతుంది. ఇసుక దగ్గర పుట్టి పక్కనే నిద్రిస్తున్న చేపకు అంటుకునే వాటికి దీపం అడ్డురాదు. తీవ్రత తగ్గవచ్చు గానీ నిర్మూలన జరగదు.

ఒకసారి ఈ వ్యాధిని తట్టుకున్న చేపకు కొన్ని నెలలపాటు కొంత రక్షణ ఏర్పడుతుంది. ఈ చిట్కాలు పనిచేశాయని చెప్పేవారి ట్యాంకుల్లో జరిగింది చాలావరకు ఇదేనని నేను భావిస్తున్నాను. వ్యాధి అక్కడే ఉంటుంది, కొత్త చేప వచ్చినప్పుడు బయటపడుతుంది.

బారువతీరం (సోంపేట)

మాది వనామీ చెరువుల సాగు. ఈ చర్చ చదివి ఒక సందేహం వచ్చింది. మా రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్, చేపలకు వచ్చే ఈ తెల్లచుక్కలు ఒకటేనా? చెరువు పనిచేసిన చేతులతో ఇంట్లో ట్యాంకును ముట్టుకోవచ్చా?

బొబ్బిలి_జువాలజీ (బొబ్బిలి)

రెండింటికీ సంబంధం లేదు. మీ చెరువుల్లోనిది వైరస్. అది రొయ్యలు, పీతల వంటి జీవులకు సోకుతుంది గానీ చేపలకు సోకదు. క్రిప్టోకారియన్ చేపలకే సోకుతుంది, రొయ్యలకు సోకదు. అయినా చెరువులో పనిచేసి వచ్చిన తర్వాత చేతులు కడుక్కోవాలి. ఇంట్లో ట్యాంకులో క్లీనర్ రొయ్యలు ఉంటే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆ వైరస్ వాటికి అంటుకోగలదు.

భోగాపురంహేచరీ (విజయనగరం జిల్లా)

నేను రొయ్య పిల్లల హేచరీలో సాంకేతిక విభాగంలో పనిచేస్తాను. నీటి గురించి ముందుగా చెప్పవలసింది ఉంది. కళింగపట్నం వంశధార ముఖద్వారం దగ్గర ఉంది. కోనాడలో చంపావతి, కళ్లేపల్లి వైపు నాగావళి సముద్రంలో కలుస్తాయి. వర్షాకాలంలోనూ, ఆ తర్వాత కొన్ని వారాలూ ఈ ముఖద్వారాల దగ్గర ఉప్పదనం బాగా పడిపోతుంది. తీరపు నీటిలో అడవి చేపల పరాన్నజీవులు కూడా ఉంటాయి. తెచ్చిన నీటిని హేచరీలలో చేసినట్టు బ్లీచింగ్‌తో శుద్ధి చేయాలి. మేము సాధారణంగా 10 నుంచి 20 పీపీఎం (పది లక్షల భాగాలకు 10 నుంచి 20) క్లోరిన్ వాడి, గాలి కొట్టించి, మిగిలిన క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో తీసివేసి, కిట్‌తో పరీక్షించిన తర్వాతే నీటిని వాడతాము. మీ టాంగ్ చేప వ్యాధిని వెంట తెచ్చిందో, ఈ నీరే తెచ్చిందో ఇప్పుడు చెప్పలేము గానీ, ఇకమీదట రెండు దారులూ మూయాలి.

చికిత్స విషయంలో నా ఓటు ఉప్పదనం తగ్గించే పద్ధతికి. వేరే తొట్టెలో చేపలను ఉంచి, ఒకటి రెండు రోజుల్లో నీటి సాంద్రతను (శుద్ధజలం 1 అనుకుంటే) 1.009కి దించి, చివరి చుక్క పోయిన తర్వాత కూడా 4 వారాలు అక్కడే నిలపాలి. అంత పలుచటి నీటిలో పరాన్నజీవి గుల్లలు చెడిపోతాయి, చేప మాత్రం తట్టుకుంటుంది. ఖర్చు తక్కువ, విషం లేదు. అయితే ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను శుద్ధజలంతో సున్నాకు సరిచూసుకోవాలి. 1.009 అనుకుని 1.012 దగ్గర నిలిపితే నెల రోజుల శ్రమ పోతుంది. పలుచన చేసినప్పుడు క్షారత తగ్గి పీహెచ్ పడిపోతుంది కనుక, వంటసోడాతో సరిచేసుకుంటూ ఉండాలి. ఉప్పదనాన్ని తిరిగి పెంచేటప్పుడు తొందర అసలే పనికిరాదు, అనేక రోజుల మీద కొద్దికొద్దిగా పెంచాలి.

గంటస్తంభం (విజయనగరం)

మాస్టారూ, నీటి గురించి మీరు రాసిన ప్రతి మాటా విలువైనదే, చికిత్స విషయంలో మాత్రం నేను విభేదిస్తున్నాను. తక్కువ ఉప్పదనాన్ని తట్టుకునే క్రిప్టోకారియన్ రకాలు కూడా నమోదయ్యాయి. అంతకంటే ముఖ్యమైనది, చేపకు ఉన్నది వెల్వెట్ వ్యాధి (వేరే పరాన్నజీవి వల్ల వచ్చేది) అయితే ఈ పద్ధతి ఏమాత్రం పనిచేయదు. రాగి ఈ రెండింటికీ పనిచేస్తుంది. అయానిక్ రూపంలో (విడి అయాన్లుగా కరిగిన రాగి) లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలి. చీలేటెడ్ రూపాల్లో (వేరే పదార్థంతో బంధించిన రాగి) చాలావాటికి మోతాదు 1.5 నుంచి 2.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది, కనుక సీసా మీద రాసిన దానినే అనుసరించాలి. కొన్ని రోజుల మీద క్రమంగా పెంచి, 30 రోజులు ఆ స్థాయి పడిపోకుండా చూడాలి. ప్రతిరోజూ కొలిచే కిట్ లేనివారు రాగి జోలికి పోకూడదు. మోతాదు తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, పెరిగితే చేప చనిపోతుంది. అమ్మోనియాను తగ్గించే ద్రవాలను కొన్ని రకాల రాగితో కలిపి వాడితే రాగి మరింత విషపూరితం అవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

బొబ్బిలి_జువాలజీ (బొబ్బిలి)

మీ ఇద్దరి వాదమూ ఒక ప్రశ్న దగ్గరకే చేరుతోంది: ఇది ఏ పరాన్నజీవి? కంటికి కనిపించిన చుక్కలను బట్టి మందు ఎంచుకోవడం నాకు సమ్మతం కాదు. ఒక్క సూక్ష్మదర్శిని ఉంటే సందేహం తీరుతుంది. ఏదైనా డిగ్రీ కళాశాల జువాలజీ ప్రయోగశాలలో అడిగి చూడండి, చాలామంది అధ్యాపకులు సంతోషంగా సహకరిస్తారు.

చేపను తడి చేతులతో మెత్తగా పట్టుకుని, గాజు పలక అంచుతో తల నుంచి తోక వైపుకు పక్క భాగాన్ని తేలికగా గీసి, వచ్చిన జిగురును అదే ఉప్పునీటి చుక్కలో వేసి వెంటనే చూడాలి. క్రిప్టోకారియన్ గుండ్రంగా, ముదురు రంగులో, ఒళ్లంతా సన్నని కేశాలతో నెమ్మదిగా తిరుగుతూ కనిపిస్తుంది. వెల్వెట్‌కు కారణమైన అమైలోఊడినియం ఒసెల్లాటం కదలదు. అది బేరిపండు ఆకారంలో, వేర్ల వంటి భాగాలతో చర్మానికి అంటుకుని ఉంటుంది, పలుచటి అయోడిన్ చుక్క వేస్తే లోపలి పిండిపదార్థం రంగు తేలి గుర్తుపట్టడం సులువవుతుంది. క్లౌన్ చేపల ఒంటి నుంచి జిగురు పొరలు పొరలుగా ఊడిపోతుంటే బ్రూక్లినెల్లా హోస్టిలిస్‌ను అనుమానించాలి. దానికి రాగి పనిచేయదు, ఫార్మలిన్ స్నానం చేయించాలి. కాలీఫ్లవర్ పువ్వులా గడ్డలు గడ్డలుగా పెరిగినది లింఫోసిస్టిస్ అనే వైరస్ వ్యాధి, దానికి ఈ మందులేవీ వేయనక్కర లేదు.

నాగావళిగట్టు (శ్రీకాకుళం)

అందరికీ కృతజ్ఞతలు. తెలిసిన అధ్యాపకుల సాయంతో పరీక్ష చేయించాను. కేశాలతో నెమ్మదిగా తిరిగే గుండ్రటి జీవులు స్పష్టంగా కనిపించాయి, కదలని రకం ఒక్కటీ లేదు. అంటే క్రిప్టోకారియనే. రాగిని కొలిచే కిట్ ఊళ్లో దొరకలేదు, తెప్పించడానికి వారం పడుతుందంటున్నారు. ఈలోగా చుక్కలు డామ్సెల్ చేపల మీద కూడా కనిపిస్తున్నాయి. రాగి లేకుండా, నెల రోజులు ఆగకుండా ఇంకేదైనా మార్గం ఉందా?

గంటస్తంభం (విజయనగరం)

ఉంది. సూక్ష్మదర్శిని ఫలితం వచ్చాక నేను కూడా దానినే సూచిస్తాను. దీనిని తొట్టె మార్పిడి పద్ధతి అంటారు. చేపను వదిలి దిగిన పరాన్నజీవి గుల్ల కట్టుకుని తిరిగి పిల్లజీవులను విడుదల చేయడానికి కనీసం 3 రోజులు పడుతుంది. ఆ 72 గంటలు నిండకముందే చేపను కొత్త నీటిలోకి మార్చేస్తే, దిగిపోయినవన్నీ పాత తొట్టెలోనే మిగిలిపోతాయి. చేప ఒంటి మీద 7 రోజులకు మించి ఉండలేవు కనుక, 12 రోజుల్లో నాలుగు మార్పిడులు జరిగితే చేప శుభ్రపడుతుంది.

రెండు పెద్ద ప్లాస్టిక్ టబ్బులు, రెండు గాలి పంపులు, రెండు హీటర్లు, దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు చాలు. ఇసుక గానీ రాళ్లు గానీ వేయకూడదు. ఒకటవ రోజు మొదటి టబ్బు, 4వ రోజు రెండవది, 7వ రోజు మళ్లీ మొదటిది, 10వ రోజు రెండవది, 13వ రోజు పరిశీలన తొట్టెలోకి. ఖాళీ చేసిన టబ్బును, పంపు గొట్టాలతో సహా, బ్లీచింగ్ నీటితో కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. తడి మిగిలితే గుల్ల మిగిలినట్టే. చేపతో పాటు పాత నీరు వీలైనంత తక్కువగా వెళ్లేలా చూడండి. కొత్త నీటి ఉప్పదనం, ఉష్ణోగ్రత పాతదానితో ముందే సమానం చేసి ఉంచితే చేపను నేరుగా మార్చేయవచ్చు. మేత తక్కువ వేయండి, అమ్మోనియాను రోజూ చూడండి. ఇందులో రాగి లేదు కనుక అమ్మోనియా తగ్గించే ద్రవం వాడవచ్చు.

భోగాపురంహేచరీ (విజయనగరం జిల్లా)

ఈ పద్ధతికి శుద్ధి చేసిన నీరు చాలా కావాలి. ఏదైనా హేచరీని అడిగితే క్లోరిన్ తీసేసిన సముద్రపు నీరు దొరుకుతుంది, క్యాన్లు మీరు తెచ్చుకోవాలి. మార్పిడికి ముందురోజు రాత్రే నీటిని టబ్బులో పోసి గాలి కొట్టించండి.

కాశీబుగ్గ (పలాస)

అత్యవసరంగా రాస్తున్నాను. మా ట్యాంకులో నిన్న రాత్రి రెండు డామ్సెల్ చేపలు చనిపోయాయి. వాటి మీద చుక్కలు లేవు. మిగిలిన క్లౌన్ చేప మేత మానేసి, వెలుతురుకు దూరంగా, పంపు ప్రవాహానికి ఎదురుగా నిలబడి చాలా వేగంగా ఊపిరి తీస్తోంది. టార్చి వేసి పక్క నుంచి చూస్తే ఒంటి మీద సన్నని పసుపు రంగు పొడి లాంటిది కనిపిస్తోంది. ఇంట్లో పొలానికి తెచ్చిన మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఉంది. వేయమంటారా?

బొబ్బిలి_జువాలజీ (బొబ్బిలి)

మైలుతుత్తం వేయకండి. 100 లీటర్ల నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల రాగి స్థాయి రావడానికి పట్టే స్ఫటికాలు సుమారు 80 మిల్లీగ్రాములు మాత్రమే. చేతి అందాజాతో దానిని వేయడం అసాధ్యం, పొలానికి వాడే సరుకులో ఇంకేమి కలిసి ఉంటాయో కూడా తెలియదు.

మీరు వర్ణించినది వెల్వెట్‌లాగే ఉంది. ఇది మొదట మొప్పలను పట్టుకుంటుంది కనుక, ఒంటి మీద కనిపించే లోపే చేపలు చనిపోవచ్చు. ఒక్క గుల్ల నుంచి 256 వరకు పిల్లజీవులు వస్తాయి. ఇప్పుడే ఒక బకెట్ మంచినీటిని ట్యాంకు ఉష్ణోగ్రతకు తెచ్చి, క్లోరిన్ లేదని చూసుకుని, వంటసోడాతో పీహెచ్ సరిచేసి, గాలి బాగా కొట్టించి, చేపను 3 నుంచి 5 నిమిషాలు అందులో ఉంచండి. చేప పక్కకు ఒరిగిపోతే వెంటనే తీసేయండి. ఇది పూర్తి చికిత్స కాదు, మొప్పల మీది భారాన్ని కొంత తగ్గించడానికే. తర్వాత చేపను పాత ట్యాంకులో వేయకుండా కొత్త నీటి తొట్టెలో వేసి, చీలేటెడ్ రాగి సంపాదించి ఈ రోజే మొదలుపెట్టండి. వెల్వెట్ విషయంలో రాగిని నెమ్మదిగా పెంచడానికి వ్యవధి ఉండదు, ఒకటి రెండు రోజుల్లోనే పూర్తి స్థాయికి చేర్చాలి. ఆ తొట్టెను పాత ట్యాంకుకు కనీసం 3 మీటర్ల దూరంలో ఉంచండి, ఎందుకంటే గాలి బుడగల తుంపరల ద్వారా కూడా ఈ పరాన్నజీవి వ్యాపించగలదని ప్రయోగాల్లో తేలింది.

భోగాపురంహేచరీ (విజయనగరం జిల్లా)

కాశీబుగ్గ గారూ, విశాఖలో నాకు తెలిసిన దుకాణంలో చీలేటెడ్ కాపర్, కొలిచే పరికరం రెండూ ఉన్నాయని ఇప్పుడే కనుక్కున్నాను. వివరాలు మీకు విడిగా పంపాను. సాయంత్రం బస్సుకు ఇవ్వమంటే ఇస్తారు.

కాశీబుగ్గ (పలాస)

చాలా కృతజ్ఞతలు మాస్టారూ. మంచినీటి స్నానం తర్వాత చేప ఊపిరి కొంచెం నెమ్మదించింది. మందు రాత్రికి చేరింది, వేశాను.

నాగావళిగట్టు (శ్రీకాకుళం)

నా వైపు నుంచి తాజా సమాచారం. నాలుగు మార్పిడులు పూర్తయ్యాయి. చివరి రెండు మార్పిడుల నుంచి ఏ చేప మీదా చుక్కలు లేవు, టాంగ్ చేప పాచిని చక్కగా కొరికి తింటోంది. అయితే ఒక డామ్సెల్ చేప కన్ను మసకబారింది, తల విదిలిస్తోంది. బొబ్బిలి మాస్టారు రాసిన విధంగానే మంచినీటి స్నానం చేయించాను. బకెట్ అడుగున తెల్లబడిన, బల్లపరుపుగా ఉన్న చిన్న చిన్న పురుగులు కనిపించాయి. ఇదేమిటి?

బొబ్బిలి_జువాలజీ (బొబ్బిలి)

అవి నియోబెనెడెనియా, బెనెడెనియా జాతులకు చెందిన చదునుపురుగులు. చేప మీద ఉన్నంతసేపూ పారదర్శకంగా ఉంటాయి, మంచినీటిలో తెల్లబడి రాలిపోతాయి. తొట్టె మార్పిడి వీటిని వదిలించదు. ప్రజిక్వాంటెల్‌ను లీటరుకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున పరిశీలన తొట్టెలో వేయండి. ఆ మందు నీటిలో సరిగా కరగదు కనుక కొద్ది నీటిలో బాగా కలిపి, గాలి ఎక్కువగా కొట్టిస్తూ పోయాలి. గుడ్లను అది చంపలేదు, అందువల్ల వాటి నుంచి పిల్లలు బయటపడ్డాక, అవి తిరిగి గుడ్లు పెట్టకముందే, అంటే 5 నుంచి 7 రోజులకు, నీరు మార్చి రెండవ మోతాదు వేయాలి. రెండవ మోతాదును దయచేసి మానవద్దు. మొదటిదానితోనే చేప కుదుటపడినట్టు కనిపిస్తుంది, చాలామంది అక్కడితో ఆపేస్తారు.

బారువతీరం (సోంపేట)

ఒక చిన్న సూచన. తుపాన్ల కాలం వస్తోంది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. చిన్న తొట్టెల్లో చేపలు ఉన్నవారు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ముందే కొని ఉంచుకోండి. మందు వేసిన నీటిలో ప్రాణవాయువు మామూలు కంటే త్వరగా తగ్గుతుంది.

నాగావళిగట్టు (శ్రీకాకుళం)

పంపు కొన్నాను, ధన్యవాదాలు. చివరగా ఒక ప్రశ్న. పెద్ద ట్యాంకు ఇప్పుడు చేపలు లేకుండా నడుస్తోంది. గాజు మీద పాచి పెరుగుతోంది కనుక మరికొన్ని నత్తలను తెచ్చి వేయవచ్చా? రొయ్యలకు మేత వేయడం కొనసాగించాలా?

గంటస్తంభం (విజయనగరం)

మేత కొద్దిగా వేస్తూ ఉండండి. రొయ్యలకు అది అవసరం, వడపోతలోని బ్యాక్టీరియా బతకడానికి కూడా ఆ కొంచెం అమ్మోనియా కావాలి. నత్తల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. వాటికి వ్యాధి సోకదు గానీ, చేపలున్న తొట్టె నుంచి వచ్చిన నత్త గుల్ల మీద పరాన్నజీవి గుల్ల అంటుకుని ఉండవచ్చు. ఈ రోజు నత్త వేస్తే 76 రోజుల లెక్క ఈ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. తుపాను నీటితో గానీ, శుద్ధి చేయని తీరపు నీటితో గానీ ట్యాంకు నింపినా అంతే. గాజు మీద పాచిని ప్రస్తుతానికి గీకుడు బిళ్లతో తీసుకోండి. ఆ బిళ్లను చేపల తొట్టెలో వాడకండి, అక్కడి వలను ఇక్కడ ముంచకండి.

నాగావళిగట్టు (శ్రీకాకుళం)

అలాగే చేస్తాను. నత్తలు వేయడం లేదు. వలలకు రెండు రంగుల దారాలు కట్టి వేరుచేశాను. రెండవ ప్రజిక్వాంటెల్ మోతాదు వచ్చే ఆదివారం వేస్తాను.